నలభై రెండు శబ్దాల పెట్టెలు

ఆ వేసవిలో మా ఇంట్లో ఏ వస్తువు కనపడకపోయినా అందరూ ముందు నావైపు చూసేవారు. తర్వాత దాన్ని ఇంగ్లీషులో ఏమంటారో గుర్తుచేసుకునేవారు.

"నా టార్చి ఏదీ?" అని మావారు.

"'ట్' పెట్టెలో చూడండి. కుళాయి పక్కన."

"పెట్టెలో కుళాయేమిటి?"

"పాతదే లెండి. స్నానాలగదిలో ఊడిపోయింది చూడండి, అది."

"అమ్మాయ్, నా కళ్ళజోడు డబ్బా కూడా బళ్ళో చేరిందా?" అని వంటింట్లోంచి అత్తగారు.

"'బ్'లో ఉందత్తయ్యా. డబ్బాని బాక్స్ అంటారుగా."

"ఈ ఇంట్లో నేను ఏ పెట్టెలో ఉన్నానో చెబితే వెళ్ళి అక్కడే కూచుంటాను" అన్నారు మావారు. ఆయన మోటారు పంపుల ఫ్యాక్టరీలో స్టోర్స్ ఇన్‌చార్జి. ఏ నట్టు ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలరు. ఆయన ఇంట్లోనే ఆయన టార్చి ఆయనకి దొరక్కపోవడం ఆయనకెంత అవమానమో నాకు తెలుసు. తెలిసే 'ట్'లో పెట్టాను. తిప్పితే వెలిగే టార్చి కంటే పిల్లకి గుర్తుండేది ఏముంటుంది?

ఇదంతా మొదలైంది స్కూలు ఆఖరిరోజున. మావారి అక్కగారు, అంటే మా పెద్దాడపడుచు, మా అమ్మాయి చదివే స్కూల్లోనే మూడో తరగతి టీచరు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఆ సాయంత్రం స్కూలునుంచి తిన్నగా మా ఇంటికే వచ్చి, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, చావు కబురు చెప్పడానికి వచ్చినట్టు కూర్చుంది.

"తమ్ముడూ, నేను చెబితే బాధపడకూడదు. దీన్ని వచ్చే ఏడు కూడా రెండోక్లాసులోనే ఉంచేద్దాం. చదవడం రాదురా దానికి. మూడోక్లాసుకొస్తే నా దగ్గరే పడుతుంది, నా మేనకోడలని నేను చూసీచూడనట్టు పోవాలి. నలుగురూ నవ్వుతారు."

'ఇది' అంటే మా అమ్మాయి. ఏడేళ్ళు నిండాయి. ఇంట్లో అందరం మిరియం అంటాం. చూడ్డానికి ఇంతే ఉంటుంది, నోట్లో పడితే తెలుస్తుంది. ఏబీసీడీలు పాటలా ఒక్క ఊపిరిలో అప్పజెప్పేస్తుంది. అవే అక్షరాలు మూడింటిని పక్కపక్కన పెట్టి చదవమంటే మాత్రం "పీ, ఐ, ఎన్" అని ముగ్గురు తెలిసినవాళ్ళని పేరుపేరునా పలకరించి ఊరుకుంటుంది. ఆ ముగ్గురూ కలిసి 'పిన్' అవుతారన్న సంగతి దానికెవరూ చెప్పలేదు. రెండేళ్ళపాటు చెప్పనివాళ్ళు ఇప్పుడొచ్చి రాదంటున్నారు.

"ఎలా తేలుస్తారు వదినగారూ, రాదని?" అన్నాను.

"స్కూలు తెరిచినరోజు హెడ్‌మిస్ట్రెస్ గదిలో చదివించి చూస్తారు. అది మామూలే. కానీ ఎందుకమ్మా ఆ తతంగం?"

"స్కూలు ఎన్నిరోజులకి తెరుస్తారు?"

"నలభై ఆరు."

"చాలు. నలభై రెండు శబ్దాలు. ఇంకా నాలుగు రోజులు మిగులుతాయి."

అది లెక్క కాదు, ఒళ్ళుమంట. డిగ్రీలో భాషాశాస్త్రం ఒక పేపరు చదివాను, అందులో ఇంగ్లీషుకి నలభైపైన శబ్దాలుంటాయని ఒక్క ముక్క గుర్తుంది. ఆ పేపర్లో నాకు ఎన్ని వచ్చాయో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మిరియం గుమ్మం పక్కన నిలబడి అంతా వింది. ఆడపడుచు వెళ్ళాక నా కొంగు పట్టుకుని, "పోనీలే అమ్మా, నాకు రాదుగా" అంది. ఏడవలేదు. ఎవరైనా అడిగితే పేరు చెప్పినంత తేలిగ్గా చెప్పింది. నాకు వదినగారి మీదకంటే ఆ తేలికతనం మీద ఎక్కువ కోపం వచ్చింది. క్లాసు పోతే మళ్ళీ వస్తుంది. ఆ మాట దాని నోట్లో ఇంకో ఏడాది నానితే ఇక ఊడదు.

మర్నాడు లైబ్రరీ నుంచి ఒక పుస్తకం తెచ్చాను. దాని ప్రకారం అక్షరానికి పేరు కాదు ముఖ్యం, అది చేసే చప్పుడు. అన్నీ ఒకేసారి నేర్పకూడదు. ముందు ఓ ఆరు శబ్దాలు, ఆ ఆరింటితో ఎన్ని మాటలు పుడితే అన్ని, ఆ తర్వాతే ఏడోది. ఆ వరసలో ఏబీసీడీలకి చోటే లేదు. మొదట వచ్చేది 'స్'.

చెప్పినంత సులువు కాదు, ఇంట్లో అది ఇమడటం. మాది రెండు గదులు, ఒక వంటిల్లు. నలభై రెండు శబ్దాలకి నలభై రెండు పెట్టెలు కావాలి. చెప్పుల డబ్బాలు, సబ్బుల అట్టపెట్టెలు, మందులషాపు అతను పారేసే డబ్బాలు పోగుచేశాను. ప్రతి పెట్టెలోనూ గరుకు కాగితం మీద కత్తిరించి అంటించిన అక్షరం ఒకటి, వేలితో దిద్దడానికి. ఆ శబ్దంతో మొదలయ్యే వస్తువులు నాలుగైదు, పట్టుకోవడానికి. అగ్గిపెట్టెలో మాటల చీటీలు, చదవడానికి. ఏ శబ్దానికీ లొంగని మొండి మాటలు కొన్ని ఉంటాయి ఇంగ్లీషులో. వాటిని బిస్కెట్ల డబ్బాలో వేసి మూత గట్టిగా నొక్కాను.

నియమాలు రెండే. ముందు పెట్టెలోది వచ్చేదాకా తర్వాతి పెట్టె తెరవకూడదు. తీసిన ప్రతిదీ పేరు పలికి, మొదటి శబ్దం పలికి, తీసినచోటే పెట్టాలి. సగం చదువు ఆ సర్దడంలోనే ఉంది. తలుపుకి వేలాడదీసే చెప్పుల సంచీ ఒకటి ఉండేది, ఇరవై నాలుగు జేబులది. అందులో అప్పటికి వచ్చేసిన మాటల చీటీలు. వరసంతా ఒకచోట కనపడాలంటే అరలు కావాలి. ఇంట్లో అరలున్నది ఒక్క ముందుగది షోకేసుకే.

షోకేసులో మా వదినగారు మా గృహప్రవేశానికిచ్చిన గాజు గ్లాసుల సెట్టు ఉండేది. జగ్గు ఒకటి, గ్లాసులు ఆరు. తొమ్మిదేళ్ళలో వాటిలో ఎవరూ మంచినీళ్ళు కూడా తాగలేదు. పాత చీరలో చుట్టి మంచం కిందకి తోశాను.

వారం తిరక్కుండా ఆవిడ వచ్చింది. కూర్చోకుండానే, "నా గ్లాసులేవీ?" అంది.

"మంచం కింద క్షేమంగా ఉన్నాయి వదినగారూ. తీయమంటారా? టీ వాటిలోనే ఇస్తాను."

"అక్కర్లేదు." ఒక పెట్టె మూత ఎత్తి చూసింది. సాక్సు, స్పూను, సబ్బుముక్క. "ఎస్‌తో మొదలెట్టావా? ఎస్ పందొమ్మిదో అక్షరం!"

"అవునండీ. పాపం ఎన్నాళ్ళని వెనక నిలబడుతుంది?"

అత్తగారు వంటింట్లో దగ్గారు. ఆవిడ దగ్గితే నవ్వినట్టని మా ఇద్దరికే తెలుసు.

"నువ్వు నవ్వులాట అనుకుంటున్నావ్" అంది వదినగారు. "నేను ఇరవై రెండేళ్ళుగా ఎంతమందికి నేర్పానో తెలుసా?"

"వచ్చినవాళ్ళకి నేర్పారండీ. రానివాళ్ళని రెండోక్లాసులో ఉంచారు."

అనకూడదు. అనేశాను. ఆవిడ మొహం ఎర్రబడింది. మావారు పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నారు.

నోటిదురుసు సరే, లోపల నాకూ గుబులుగానే ఉండేది. మొదటి పదిహేను రోజులు ఏమీ జరగలేదు. తర్వాత పెట్టెలు ఒక్కొక్కటే కదిలాయి. ముప్పయ్యో రోజుకి ఇరవై ఆరు పెట్టెలయ్యాయి. పిల్ల చీటీలు తీసి చకచకా చెప్పేస్తోంది. కానీ చీటీ మీద 'ట్యాప్' అని ఉంటే పక్కనే కుళాయి ఉంది. అది చదువుతోందా, పెట్టెలో ఏముందో గుర్తుపెట్టుకుని చెబుతోందా? ఎంత పట్టిపట్టి చూసినా నాకు తేలలేదు. ఆ అనుమానం మావారికీ ఉంది. "దానికి జ్ఞాపకశక్తి బాగా ఉందోయ్" అన్నారోసారి. మెచ్చుకున్నట్టే అన్నారు. నాకు మాత్రం చుర్రుమంది.

ముప్పై నాలుగో రోజున మా అమ్మకి కంటి ఆపరేషను. రెండురోజులు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. వెళ్ళేముందు మావారికి ఒకే మాట చెప్పాను: "ఇల్లు కాస్త చూసుకోండి."

చూసుకున్నారు.

తిరిగొచ్చి తలుపు తీసేసరికి ముందుగది మెరిసిపోతోంది. షోకేసులో జగ్గు, చుట్టూ ఆరు గ్లాసులు. తలుపుకి సంచీ లేదు. గోడవారన ఇనప ట్రంకుపెట్టె ఒకటి, దానిమీద వరసగా అయిదు అట్టపెట్టెలు, ప్రతిదానికీ దారంతో కట్టిన కార్డు. మావారు చేతులు కట్టుకుని పక్కన నిలబడి ఉన్నారు, మెడల్ వేస్తారని ఎదురుచూస్తున్నట్టు.

"శెలవు పెట్టి మరీ చేశాను" అన్నారు. "అక్షరాలన్నీ ఒకచోట, ఏ నుంచి జెడ్ దాకా వరసలో, రబ్బరుబ్యాండు వేసి. వస్తువులన్నీ రకాలవారీగా. ఇది ప్లాస్టిక్, ఇది ఇనుము, ఇది చెక్క, ఇది గుడ్డ. చీటీలన్నీ ఈ ఆఖరుదాంట్లో, సైజుల ప్రకారం. ఎన్ని ఉన్నాయో కార్డు మీద రాశాను. ఇకమీదట ఏదీ పోదు."

నలభై రెండు శబ్దాల వరసని మనిషి స్టోర్సు చేసి పెట్టాడు. కుళాయి వెళ్ళి మేకులతో చేరింది. సాక్సు వెళ్ళి చేతిరుమాలుతో చేరింది. అక్షరాలు మళ్ళీ పాట పాడటానికి సిద్ధంగా వరసలో నిలబడ్డాయి. పైగా ఎంత శ్రద్ధగా చేశారంటే, తిట్టడానికి కూడా పట్టు దొరకడం లేదు.

"ట్రంకుపెట్టె ఎందుకు?" అన్నాను చివరికి.

"అటక మీద పెట్టేద్దామని. మళ్ళీ కావాలంటే తీసుకోవచ్చుగా."

"మళ్ళీ ఎప్పుడు? ఇంకా పదిరోజులుంది స్కూలుకి."

ఆయన ఒక కార్డు దారం సరిచేశారు. "అక్క వచ్చి సాయం చేసిందిలే" అన్నారు, అడగని ప్రశ్నకి.

అత్తగారు మంచం మీంచి, "నేను చెప్పానమ్మా, అది వచ్చేదాకా ముట్టుకోకురా అని. సర్దే చెయ్యి ఊరుకుంటుందా వాడిది!" అన్నారు.

నేను కొంగు బిగించాను. మొదటి పెట్టె ఎత్తి ముందుగది మధ్యలో బోర్లించాను. తర్వాత రెండోది. ఇనుము పెద్ద చప్పుడు చేసింది. అయిదూ బోర్లించి, అక్షరాల రబ్బరుబ్యాండు తెంపి, వాటినీ పైన చల్లాను. గదిలో కాలు పెట్టే చోటు లేదు.

"ఏం చేస్తున్నావ్!"

"ఇల్లు చూసుకుంటున్నాను. ఇవన్నీ తిరిగి వాటివాటి పెట్టెల్లోకి వెళ్ళేదాకా ఈ గదిలో ఎవరూ కూచోరు, నడవరు. టీవీ చూడాలనుకుంటే కిటికీలోంచి చూడండి. గ్లాసులు మళ్ళీ మంచం కిందకి. మీరే పెట్టారుగా, మీరే తీయండి."

ఆయన గ్లాసులు తీశారు. ఒక్కొక్కటే, ఊపిరి బిగబట్టి.

మిరియం ఎప్పుడు వచ్చిందో వచ్చి ఆ కుప్ప మధ్యలో చతికిలబడింది. ట్రంకుపెట్టెలో దాచిన ఖాళీ పెట్టెలు తీసి చుట్టూ పేర్చుకుంది. కుళాయి ఎత్తింది. "ట్యాప్. ట్." వేసింది. గుండీ ఎత్తింది. "బటన్. బ్." వేసింది. అత్తగారు మంచం దిగి గుమ్మంలో కూచుని చేతికందినవి అందించడం మొదలుపెట్టారు. "ఇదేమిటే?" "జిప్, నానమ్మా." "ఏ శబ్దం?" "జ్జ్." "తేనెటీగలా ఉందే! ఎక్కడ వెయ్యను?" నానమ్మకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. గంటలో పన్నెండు పెట్టెలు ఆవిడే నింపించారు.

మధ్యలో పిల్ల చేతికి మావారు కట్టిన కార్డు ఒకటి వచ్చింది. ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన కార్డులవి, పైన పెద్దగా రెండు ఇంగ్లీషు మాటలు అచ్చువేసి ఉంటాయి. ఏ పెట్టెలో వెయ్యాలో తెలియక దాన్ని అటూ ఇటూ తిప్పింది. వేలు పెట్టింది.

"బ్... ఇ... న్. బిన్." ఆగింది. "నాన్నా, బిన్ అంటే ఏంటి? తర్వాతది నాకు రాదు, దాని పెట్టె ఇంకా తెరవలేదు."

బిన్ కార్డు. స్టోర్సులో అరఅరకీ వేలాడే కార్డు. నా పెట్టెలు వేటిలోనూ ఆ మాట లేదు. ఆ వస్తువూ లేదు.

మావారు చేతిలో ఆరో గ్లాసుతో అలాగే నిలబడిపోయారు. అత్తగారు నావైపు చూశారు. నేను మేకులు ఏరుతూ, "బిన్ అంటే సామాను పెట్టే అర. 'బ్'లో వేసేయ్" అన్నాను. మేకు ఒకటి వేలికి గుచ్చుకుంది, దాంతో కళ్ళు తుడుచుకోవడానికి ఒక కారణం దొరికింది.

ఆ పదిరోజులూ మావారు మరీ మంచిగా ఉన్నారు. పెట్టెల మూతలకి తనే అంచులు అంటించారు. కొత్త శబ్దానికి వస్తువు కావాలంటే అడక్కుండా ఫ్యాక్టరీ నుంచి వాషరో చక్రమో తెచ్చారు. ఒకట్రెండుసార్లు ఏదో చెప్పబోయి మానేశారు. నేను బిన్ కార్డు మహిమ అనుకున్నాను. స్కూలు తెరిచేనాటికి ముప్పై తొమ్మిది పెట్టెలయ్యాయి. మూడు మిగిలాయి. వదినగారికి ఆ మూడే కనపడతాయని తెలుసు.

హెడ్‌మిస్ట్రెస్ గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక బీరువా. మేం ముగ్గురం ఇటు, హెడ్‌మిస్ట్రెస్ అటు, వదినగారు బీరువాకి ఆనుకుని. మిరియం చేతికి రెండోక్లాసు పుస్తకం ఇచ్చారు. పిల్ల వేలు పెట్టుకుని చదివింది. ఆగుతూ, కూడబలుక్కుంటూ, ఒకచోట తప్పు చదివి వెనక్కి వెళ్ళి దిద్దుకుంటూ. ఒక్క పేజీకి నాలుగు నిమిషాలు పట్టింది.

"పోయినేడాది పుస్తకమే కదా మేడమ్" అంది వదినగారు మెల్లగా. "ఇంట్లో బట్టీ పట్టించి ఉంటారు. పైగా అంత నిదానంగా చదివితే నా క్లాసులో ఎలా?"

హెడ్‌మిస్ట్రెస్ నిట్టూర్చి ఒక కాగితం నావైపు జరిపారు. "మీరు కష్టపడ్డారు, కాదనను. కానీ ఇది పాపకే మంచిది. మీవారి సంతకం అయిపోయింది, మీది ఒక్కటే."

అచ్చువేసిన ఫారం. కింద రెండు గడులు. తండ్రి గడిలో మావారి సంతకం, పక్కన తేదీ. నేను ఆసుపత్రిలో అమ్మ కళ్ళలో చుక్కలు వేస్తున్న రోజు. ట్రంకుపెట్టె ఎందుకో అప్పుడు అర్థమైంది. మావారు బల్ల కాళ్ళ వంక చూస్తున్నారు.

ఫారం తిప్పి మిరియం ముందు పెట్టాను.

"ఇది చదువమ్మా. ఇది మీ అమ్మ కూడా ఇప్పుడే చూడటం."

"అదేంటమ్మా, పిల్లచేత..." అని వదినగారు ముందుకొచ్చింది. మిరియం వేలు అప్పటికే మొదటి వరస మీద ఉంది.

"ఐ... విష్... టు... క్... కీప్... మై... చిల్డ్..."

"చైల్డ్" అంది వదినగారు. అలవాటు. వెంటనే నాలుక కరుచుకుంది.

"...చైల్డ్... ఇన్... క్లాస్..." పిల్ల ఆగింది. రానందుకు కాదు. ఆ తర్వాత అంకె ఉంది. అంకెలు దానికి ఎప్పుడో వచ్చు.

తలెత్తింది. "రెండు అని ఉంది. ఇలా అని ఎవరు కోరుకున్నారు? నువ్వా అమ్మా?"

"నేను కాదు."

"నేనేనమ్మా" అన్నారు మావారు. ఆయన గొంతు బల్లకింద నుంచి వచ్చినట్టుంది.

"ఎందుకు నాన్నా?"

"నీకు రాదనుకున్నాను."

"వచ్చిందిగా."

"వచ్చింది."

ఆయన ఫారం తనవైపు లాక్కుని జేబులోంచి పెన్ను తీశారు. తన సంతకం మీద అడ్డంగా ఒక్కటే గీత గీశారు, కింద పేరు కనపడేలా. స్టోర్సులో తప్పు రాస్తే చెరపకూడదు, గీత గీసి పక్కన పొడి సంతకం పెట్టాలి. పెట్టారు. ఆరోజు తేదీ వేశారు.

"ఇది స్కూలు కాగితమండీ!" అన్నారు హెడ్‌మిస్ట్రెస్.

"తెలుసండీ. అందుకే తేదీ కూడా వేశాను."

"మరి మీరు?" అన్నట్టు ఆవిడ నావైపు చూశారు. నేను పెన్ను అందుకోలేదు.

"కొట్టేయడానికి నేనేమీ రాయలేదుగా మేడమ్. పాప ఏ గదిలో కూచోవాలో చెప్పండి, దింపి వెళతాను. ఏ గదో చెప్పకపోతే ఇక్కడే కూచుంటాం. ఈ కుర్చీ బాగానే ఉంది."

హెడ్‌మిస్ట్రెస్ ఫారం వంక చూశారు, మిరియం వంక చూశారు, నేను కుర్చీలో సర్దుకుని కూర్చోవడం చూశారు. "మీ రిజిస్టర్లో పేరు రాసుకోండి" అన్నారు వదినగారితో. "రెండు నెలలు చూద్దాం."

"రెండు నెలలు చాలండీ" అన్నాను. ఈసారి కూడా లెక్క కాదు.

బయట వరండా ఇరుకు. ఒకపక్కంతా బెంచీలు పేర్చి ఉన్నాయి, ఒక మనిషి నడిచే దారే మిగిలింది. ప్రతి తలుపు మీదా ఒక బోర్డు. మిరియం మొదటి తలుపు ముందు ఆగి వేలెత్తింది. మావారు దాని వెనక ఆగారు, నేను ఆయన వెనక ఆగాను. ఆయనతో మాట్లాడాల్సింది చాలా ఉంది, ఇంటికెళ్ళాక మాట్లాడతాను, తీరిగ్గా. నా వెనక మా వదినగారు రిజిస్టరు గుండెలకి హత్తుకుని నిలబడింది.

"కాస్త దారివ్వమ్మా, బెల్లు కొట్టేశారు."

"మీ క్లాసు పిల్లే వదినగారూ" అన్నాను, జరక్కుండా. "బోర్డు చదువుతోంది. కానివ్వండి."

వరండాలో ఇంకా ఆరు తలుపులున్నాయి.